పెండింగ్‌లో ఉన్న రిక్వెస్ట్‌ను పైలంగా క్యాన్సిల్ చేసుడు ఎట్లా

తమ్మీ, నీ సమస్య నాకు అర్థమైనట్టు ముందు చెప్తా, తప్పుంటే సరిదిద్దు. పాలమూరు దగ్గర ఒక వేబ్రిడ్జి కాడ లోడ్‌సెల్ (బరువు కొలిచే సెన్సర్) కార్డుకు విండోస్ డ్రైవర్ రాసినవు. అప్లికేషన్ ఒక ఐఓసీటీఎల్ (డ్రైవర్‌ను పని అడిగే పిలుపు) పంపి, లారీ కాంటా ఎక్కి బరువు నిలకడకు వచ్చేదాకా ఎదురుచూస్తది. నీ డ్రైవర్ ఆ ఐఆర్‌పీని, అంటే ఆ రిక్వెస్ట్‌ను మోసే కర్నెల్ ప్యాకెట్‌ను, క్యూలో పెట్టుకొని ‘పెండింగ్’ అని చెప్తది. కార్డు నుంచి ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ ఇచ్చే సైగ) రాగానే డీపీసీలో, అంటే ఇంటరప్ట్ తర్వాత మిగిలిన పని చేసే రొటీన్‌లో, కంప్లీట్ చేస్తది. ఆపరేటర్ అప్లికేషన్ మూసినప్పుడు అప్పుడప్పుడు బ్లూ స్క్రీన్ పడుతున్నది. బగ్‌చెక్ (బ్లూ స్క్రీన్ కారణం చెప్పే కోడ్) నంబరు ఒకసారి హెక్స్‌లో 44, ఇంకోసారి 48. విసిగిపోయి, రిక్వెస్ట్‌ను రద్దు చేయమన్నప్పుడు నడిచే క్యాన్సిల్ రొటీన్‌నే తీసేసినవు. బ్లూ స్క్రీన్ పోయింది గానీ ఇప్పుడు ప్రాసెస్ టాస్క్ మేనేజర్‌లో అట్లనే వేలాడుతున్నది, ఎండ్ టాస్క్ కొట్టినా పోతలేదు. ‘అన్నీ క్లీనప్‌లోనే కంప్లీట్ చేస్తే సరిపోదా అన్నా?’ అని అడిగినవు.

సరిపోదు. క్లీనప్ రిక్వెస్ట్ వచ్చేది చివరి హ్యాండిల్ (అప్లికేషన్ డివైస్‌ను తెరిచినప్పుడు దొరికే పట్టు) మూసినప్పుడు. ప్రాసెస్ పోవాలంటే ముందు దాని థ్రెడ్లు పోవాలె. థ్రెడ్ పోయే ముందు ఐఓ మేనేజర్ (రిక్వెస్ట్‌లు నడిపే విండోస్ భాగం) ఆ థ్రెడ్ పంపిన పెండింగ్ ఐఆర్‌పీలన్నింటినీ క్యాన్సిల్ చేయమని చెప్పి, అవి పూర్తయ్యేదాకా కూర్చుంటది. నీ దగ్గర క్యాన్సిల్ రొటీన్ లేదు, అందుకని ఐఆర్‌పీ కదలదు. అది కదలకపోతే థ్రెడ్ పోదు, థ్రెడ్ పోకపోతే హ్యాండిల్ మూతపడదు, హ్యాండిల్ మూతపడకపోతే నువ్వు నమ్ముకున్న క్లీనప్ రానే రాదు. ఒకటి గమనించు: వేలాడే ఆ ప్రాసెస్, తర్వాతి లారీ కాంటా ఎక్కగానే దానంతటదే మాయమై ఉంటది. ఎందుకంటే అప్పుడు డీపీసీ వచ్చి ఆ ఐఆర్‌పీని వదిలిపెడుతది.

ఇగ ఆ రెండు నంబర్ల సంగతి. 44 అంటే ఒకే ఐఆర్‌పీని రెండుసార్లు కంప్లీట్ చేసిండ్రని. 48 అంటే పూర్తయిపోయిన ఐఆర్‌పీని తర్వాత ఎవరో క్యాన్సిల్ చేయబోయిండ్రు, దాని మీద నీ క్యాన్సిల్ రొటీన్ ఇంకా అతికే ఉన్నది అని. వేర్వేరు తప్పులు లెక్క కనబడుతయి గానీ రెండూ ఒక్క ప్రశ్నకే వస్తయి: ఈ క్షణంలో ఈ ఐఆర్‌పీని కంప్లీట్ చేసే హక్కు ఎవరిది? క్యాన్సిల్ గురించి నేను నేర్చుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టే తిరుగుతది. లాక్‌లు, జెండాలు అన్నీ దాని తర్వాతనే.

వడ్ల కొనుగోలు కేంద్రం ఒకటి ఊహించుకో. రైతు కుప్ప పోసి పేరు రాయిస్తడు, అతని టోకెన్ గోడకున్న మేకుకు గుచ్చుతరు. వంతు వచ్చినప్పుడు కాంటా పెట్టే మనిషి ఆ టోకెన్ తీసుకొని తూకం వేయాలె. ఈలోపు రైతు కొడుకు వచ్చి ‘మేం మిర్యాలగూడ మిల్లుకే తోలుకుంటం, పేరు కొట్టెయ్’ అంటే, అతనూ అదే టోకెన్ తీసుకోవాలె. ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపినా మేకు మీద టోకెన్ ఒక్కటే. ఎవరి చేతికి దొరికిందో వాళ్లే ఆ కుప్ప లెక్క తేల్చాలె. రెండో మనిషి చేతికి ఉత్త మేకే తగులుతది, వాడు ఆ కుప్పను ముట్టుకోకుండా తర్వాతి కుప్పకు పోవాలె.

ఐఆర్‌పీలో ఉండే క్యాన్సిల్ రొటీన్ పాయింటరే ఆ టోకెన్. ఐఓసెట్‌క్యాన్సిల్‌రొటీన్ అనేది మామూలు అసైన్‌మెంట్ కాదు, అటామిక్ ఎక్స్ఛేంజ్. కొత్త విలువ పెట్టి, పాతది నీ చేతికిస్తది, మధ్యలో ఇంకో ప్రాసెసర్ దూరలేదు. దానికి నల్ (ఖాళీ పాయింటర్) ఇచ్చి పిలిచినప్పుడు నల్ కానిది తిరిగొస్తే టోకెన్ నీకు దొరికింది, నువ్వే కంప్లీట్ చేయాలె. నల్ వస్తే ఇంకొకరు తీసుకున్నరు, ఇగ నువ్వు కంప్లీట్ చేయొద్దు. నువ్వు పంపిన కోడ్‌లో ఈ తిరిగొచ్చిన విలువను ఎక్కడా చూడలేదు. డీపీసీలో లిస్టు నుంచి తీసి నేరుగా కంప్లీట్ చేసినవు. రెండు నంబర్లూ అక్కడినుంచే వచ్చినయి.

ఇప్పుడు క్యూలో పెట్టే చోట. చాలామంది జారేది ఇక్కడనే, అందుకని జర నిదానంగా చదువు. నీ లాక్ తీసుకో. ఐఆర్‌పీని పెండింగ్ అని మార్క్ చేసి లిస్టులో పెట్టు. క్యాన్సిల్ రొటీన్ తగిలించు. తగిలించినంక మాత్రమే ఐఆర్‌పీలోని క్యాన్సిల్ జెండా (రద్దు అడిగిండ్రని చెప్పే గుర్తు) చూడు. జెండా లేకుంటే లాక్ వదిలి పెండింగ్ అని తిరిగి వెళ్లు. జెండా లేచి ఉంటే మళ్ల నల్‌తో ఎక్స్ఛేంజ్ చెయ్యి. టోకెన్ దొరికితే లిస్టు నుంచి తీసేసి, లాక్ వదిలి, స్టేటస్ క్యాన్సిల్డ్ అని కంప్లీట్ చెయ్యి. అట్లా కంప్లీట్ చేసినా, రిక్వెస్ట్ అందుకునే డిస్పాచ్ రొటీన్ నుంచి తిరిగిచ్చేది స్టేటస్ పెండింగే, ఎందుకంటే ముందే పెండింగ్ అని మార్క్ చేసినవు. టోకెన్ దొరకకుంటే ఐఆర్‌పీని లిస్టులోనే వదిలెయ్యి. అవతల నీ క్యాన్సిల్ రొటీన్ నీ లాక్ కోసమే ఎదురుచూస్తున్నది, నువ్వు లాక్ వదలగానే అది వచ్చి తీసుకుంటది.

ఈ వరుసే ఎందుకంటే, అవతలి వైపు ఐఓక్యాన్సిల్‌ఐఆర్‌పీ (క్యాన్సిల్ మొదలుపెట్టే విండోస్ ఫంక్షన్) చేసే పని దీనికి అద్దంలో బొమ్మ లెక్క ఉంటది. అది ముందు జెండా లేపుతది, తర్వాత టోకెన్ లాగుతది. నువ్వు ముందు టోకెన్ తగిలిస్తవు, తర్వాత జెండా చూస్తవు. రెండు ప్రాసెసర్ల మీద ఇవి ఎట్లా కలగలిసినా, ఇద్దరిలో కనీసం ఒక్కరికి అవతలివాళ్ల పని కంటబడుతది. అదే నువ్వు ముందు జెండా చూసి తర్వాత రొటీన్ తగిలిస్తే మధ్యలో సందు మిగులుతది. ఆ సందులో క్యాన్సిల్ వచ్చి, మేకు ఖాళీగా ఉన్నది చూసి వెళ్లిపోతది. తర్వాత నువ్వు టోకెన్ తగిలిస్తవు, మళ్ల ఎవరూ రారు. ప్రాసెస్ వేలాడుతది. నీ మొదటి వెర్షన్‌లో ‘ఇఫ్ క్యాన్సిల్’ అనే పరీక్ష పైన పెట్టినవు చూడు, అది ఈ సందే.

తీసే చోట, అంటే డీపీసీలో: లాక్ తీసుకొని లిస్టు తల నుంచి ఒక ఐఆర్‌పీ తియ్యి, నల్‌తో ఎక్స్ఛేంజ్ చెయ్యి. టోకెన్ దొరికితే అది నీదే. దొరకకుంటే క్యాన్సిల్ రొటీన్ నడుస్తున్నట్టో నడవబోతున్నట్టో లెక్క. కానీ నువ్వు దాన్ని ఇప్పటికే లిస్టు నుంచి తీసేసినవు కదా, ఆ క్యాన్సిల్ రొటీన్ కూడా వచ్చి లిస్టు నుంచి తీయబోతది. ఒకసారి తీసిన లింకును మళ్ల తీస్తే పక్కవాళ్ల పాయింటర్లు చెడిపోతయి. అందుకని ఆ ఐఆర్‌పీ లిస్ట్‌ఎంట్రీని ఇనిషియలైజ్‌లిస్ట్‌హెడ్‌తో తనవైపే తిప్పి వదులు. అప్పుడు రెండోసారి తీసినా ఎవరికీ నష్టం లేదు. తర్వాతి ఐఆర్‌పీకి పో.

క్యాన్సిల్ రొటీన్ లోపలి పని చిన్నదే. నీ రొటీన్‌ను పిలిచేటప్పుడు సిస్టమ్ క్యాన్సిల్ స్పిన్‌లాక్ పట్టుకొనే ఉంటది. అది మొత్తం మిషన్‌కు ఒక్కటే లాక్, నీ ఒక్కడిది కాదు. మొట్టమొదటి పనిగా ఐఆర్‌పీలో దాచిన క్యాన్సిల్ ఐఆర్‌క్యూఎల్ (లాక్ తీసుకోకముందున్న ప్రాసెసర్ ఇంటరప్ట్ స్థాయి) విలువ ఇచ్చి దాన్ని వదిలెయ్యి. ఆ తర్వాతనే నీ క్యూ లాక్ తీసుకొని, లిస్టు నుంచి తీసి, లాక్ వదిలి, ఇన్ఫర్మేషన్ సున్నా చేసి కంప్లీట్ చెయ్యి. పెద్ద లాక్ వదిలినంక ఐఆర్‌పీ ఎటన్నా పోతదేమో అని భయపడకు, టోకెన్ నీ చేతిలో ఉన్నది, వేరెవరూ కంప్లీట్ చేయలేరు. పెద్ద లాక్ పట్టుకొనే నీ లాక్ తీసుకుంటే మాత్రం, ఇంకోచోట తిరగేసిన వరుసలో తీసుకున్న రోజు డెడ్‌లాక్ ఖాయం.

ఏ లాక్ పట్టుకొని ఉన్నా ఐఓకంప్లీట్‌రిక్వెస్ట్ పిలవొద్దు. పైనున్న డ్రైవర్ కంప్లీషన్ రొటీన్ అక్కడినుంచే నీకు ఇంకో రిక్వెస్ట్ పంపొచ్చు, అది వచ్చి నువ్వు పట్టుకున్న లాక్ కోసమే తిరుగుతుంటది.

ఇదంతా అర్థం చేసుకో గానీ చేతితో రాయకు. విండోస్ ఎక్స్‌పీ నుంచి క్యాన్సిల్-సేఫ్ క్యూ అని కర్నెల్‌లోనే ఉన్నది, ఐఓసీఎస్‌క్యూ పేరుతో మొదలయ్యే రొటీన్లు. పైన చెప్పిన ఎక్స్ఛేంజ్‌లన్నీ అది చూసుకుంటది. నువ్వు ఆరు చిన్న కాల్‌బ్యాక్‌లు ఇవ్వాలె: లిస్టులో పెట్టేది, తీసేది, తర్వాతిదేమిటో తొంగి చూసేది, లాక్ తీసుకునేది, లాక్ వదిలేది, క్యాన్సిల్ అయినదాన్ని కంప్లీట్ చేసేది. ఒక్కోటి నాలుగైదు లైన్లు దాటదు. పెండింగ్ మార్క్ కూడా ఇన్సర్ట్ రొటీనే చేస్తది. ఇన్సర్ట్ చేసినంక ఆ ఐఆర్‌పీని ముట్టుకోకు, అది అప్పటికే వేరే ప్రాసెసర్ మీద పూర్తయిపోయి ఉండొచ్చు. ఐఆర్‌పీలోని డ్రైవర్‌కాంటెక్స్ట్ నాలుగు గదుల్లో చివరిది, అంటే మూడో ఇండెక్స్, ఆ క్యూ వాడుకుంటది, నీ పాయింటర్ అక్కడ దాచుకోకు. టైమ్‌అవుట్ కావాలంటే ఇన్సర్ట్ చేసేటప్పుడే ఒక కాంటెక్స్ట్ ఇయ్యి. టైమర్ మోగినప్పుడు ఆ కాంటెక్స్ట్‌తో తీయమను. నల్ వస్తే ఆ రిక్వెస్ట్ కథ ఎప్పుడో ముగిసింది.

క్లీనప్ ఇక్కడ పనికొస్తది, కానీ తొంగి చూసే కాల్‌బ్యాక్‌కు ఫైల్ ఆబ్జెక్ట్ (డివైస్‌ను తెరిచిన ప్రతిసారికి ఒకటి) పంపి, ఆ ఫైల్ ఆబ్జెక్ట్‌వే తియ్యాలె. వేబ్రిడ్జి కాడ బిల్లింగ్ ప్రోగ్రాం ఒకటి, బయట బోర్డు మీద బరువు చూపేది ఇంకోటి ఒకే కార్డును తెరిచి ఉంటయి అనుకో. ఒకటి మూసినప్పుడు రెండో దాని రిక్వెస్ట్‌లు కూడా లేపేస్తే కాంటా కాడ లొల్లి అయితది.

నీ పనికి మాత్రమే ఉన్న చిక్కు ఒకటి చెప్పాలె. బరువు వచ్చిన క్షణంలోనే క్యాన్సిల్ కూడా వస్తే ఆ బరువు ఏమైతది? డీపీసీ బరువు చదివి, ఐఆర్‌పీ తీయబోతే అది క్యాన్సిల్ అయి ఉంటది. అప్పుడు ఆ రీడింగ్‌ను పారేయొద్దు. అట్లని తర్వాత వచ్చిన రిక్వెస్ట్‌కు కళ్లు మూసుకొని ఇవ్వొద్దు, అప్పటికి కాంటా మీద ఇంకో లారీ ఉండొచ్చు. ఒక లారీ బరువు ఇంకో లారీ చీటీ మీద పడితే నష్టపోయేది రైతు. రీడింగ్‌ను ఒక వరుస నంబరుతో డివైస్ ఎక్స్‌టెన్షన్‌లో (నీ డ్రైవర్ సొంత డేటా ఉండే చోట) దాచు. అప్లికేషన్ ‘ఈ నంబరు తర్వాతిది కావాలె’ అని అడగాలె. కాంటా ఖాళీ అయిందని కార్డు చెప్పగానే దాచినదాన్ని చెల్లనిదిగా గుర్తు పెట్టు. దాచుడు, క్యూలో చూసుడు రెండూ ఒకే లాక్ కింద జరగాలె, లేకుంటే అక్కడ కూడా పైన చెప్పినలాంటి సందే తెరుచుకుంటది.

ఇప్పటిదాకా చెప్పింది క్యూలో ఊరికే కూర్చున్న రిక్వెస్ట్ సంగతి. హార్డ్‌వేర్ చేతికి పోయిన రిక్వెస్ట్ వేరే జాతి. దీన్ని నేను నష్టపోయి నేర్చుకున్న. చాలా ఏండ్ల కింద సాగర్ ఎడమ కాలువ కింది ఒక మిల్లులో బియ్యం రంగు చూసి ఏరే మిషన్‌కు కెమెరా కార్డు డ్రైవర్ నేనే రాసిన. కార్డు డీఎంఏతో బొమ్మను నేరుగా మెమరీలో రాస్తది. యాసంగి వడ్లు జోరుగా వస్తున్న రోజులు, మిషన్ రాత్రింబగళ్లు నడుస్తున్నది. రెండు మూడు రోజులకోసారి బ్లూ స్క్రీన్, ప్రతిసారీ వేరే డ్రైవర్ పేరు. ఒకనాడు ఫైల్ సిస్టమ్, ఒకనాడు నెట్‌వర్క్. ర్యామ్ రెండుసార్లు మార్చినం. దుమ్ము అనుకున్నం, కరెంటు అనుకున్నం. తప్పు నా క్యాన్సిల్ రొటీన్‌లో ఉన్నది. క్యాన్సిల్ రాగానే నేను ఐఆర్‌పీని కంప్లీట్ చేసేస్తున్న, కార్డుకు మాత్రం ఆగమని చెప్పలేదు. ఐఆర్‌పీ కంప్లీట్ కాగానే బఫర్ పేజీల లాక్ ఊడిపోతది, విండోస్ ఆ పేజీలను ఇంకొకరికి ఇస్తది. కార్డుకు ఆ సంగతి తెల్వదు, అది ఇంకా బొమ్మ గీస్తనే ఉంటది, వేరేవాళ్ల మెమరీ మీద. ఆ మిల్లు యజమాని సీజన్‌లో పోగొట్టుకున్న గంటలు నాకిప్పటికీ యాదికొస్తయి.

అందుకని హార్డ్‌వేర్ ముట్టుకున్న రిక్వెస్ట్‌ను క్యాన్సిల్ రొటీన్ కంప్లీట్ చేయొద్దు. అది ‘ఆపు’ అని గుర్తు పెట్టి, కార్డుకు ఆగమని ఆజ్ఞ ఇచ్చి వెనక్కి రావాలె. కార్డు నిజంగా ఆగిందని ఇంటరప్ట్ ద్వారానో రిజిస్టర్ ద్వారానో తేలినంక డీపీసీ కంప్లీట్ చేయాలె. ఇక్కడ కంప్లీట్ చేసే హక్కు మొదటినుంచీ డీపీసీదే, క్యాన్సిల్ రొటీన్ కబురు మోసేది మాత్రమే. పని కొద్ది మిల్లీసెకన్లలో తప్పకుండా ముగిసేదైతే ఇంకా తేలిక: హార్డ్‌వేర్‌కు ఇచ్చే ముందు టోకెన్ తీసేసుకో, క్యాన్సిల్‌కు అవకాశమే ఇవ్వకు, పని దానంతటది అయిపోనియ్యి. ప్రతి రిక్వెస్ట్‌కూ క్యాన్సిల్ ఉండాలనే నియమం లేదు. ఎప్పుడు ముగుస్తదో తెల్వని వాటికే ఉండాలె. నీ లారీ రాక అట్లాంటిదే.

రేపు నువ్వే కింది డ్రైవర్‌కు ఐఆర్‌పీ పంపి దాన్ని క్యాన్సిల్ చేయాల్సి వస్తే, ఐఓక్యాన్సిల్‌ఐఆర్‌పీ పిలిచే క్షణంలోనే కంప్లీషన్ రొటీన్ ఆ ఐఆర్‌పీని ఫ్రీ చేయకుండా చూసుకో. రెండు వైపులా కలిసి ఒక లెక్క పెట్టుకోవాలె, చివర మిగిలినవాళ్లే ఫ్రీ చేయాలె. లినక్స్ యూఎస్‌బీ వైపు కూడా ఇదే తేడా రెండు పేర్లతో కనబడుతది: యూఆర్‌బీ (యూఎస్‌బీ రిక్వెస్ట్) అన్‌లింక్ చెప్పి వచ్చేస్తది, కిల్ అయిపోయేదాకా ఆగుతది. అందుకే కిల్‌ను ఇంటరప్ట్ లోపల పిలవరాదు.

కొత్తగా రాసే అవకాశం ఉంటే కేఎండీఎఫ్ అనే మైక్రోసాఫ్ట్ డ్రైవర్ ఫ్రేమ్‌వర్క్‌కు మారు, నా సలహా అదే. రిక్వెస్ట్ వచ్చినప్పుడు దాన్ని ఒక మాన్యువల్ క్యూకు ఫార్వర్డ్ చెయ్యి, బరువు వచ్చినప్పుడు అక్కడినుంచి తీసుకో. క్యూలో ఉన్నంతసేపు క్యాన్సిల్ ఫ్రేమ్‌వర్కే చూసుకుంటది. నీ కార్డుకు ఇంతకంటే అక్కర్లేదు. రిక్వెస్ట్ నీ చేతిలోనే ఉంచుకొని మార్క్‌క్యాన్సిలబుల్ పిలవక తప్పకపోతే, పేరు చివర ఈఎక్స్ అని ఉన్నదే వాడు, అది కేఎండీఎఫ్ 1.9 నుంచి ఉన్నది. పాతది, రిక్వెస్ట్ అప్పటికే క్యాన్సిల్ అయి ఉంటే, అక్కడికక్కడే నీ క్యాన్సిల్ కాల్‌బ్యాక్‌ను పిలవగలదు. నువ్వు లాక్ పట్టుకొని ఉంటే అదే లాక్ మీద ఇరుక్కుంటవు. ఈఎక్స్ అట్లా పిలవదు, స్టేటస్ క్యాన్సిల్డ్ అని తిరిగిస్తది, అప్పుడు కంప్లీట్ చేయాల్సింది నువ్వే. అన్‌మార్క్ చేసినప్పుడు స్టేటస్ క్యాన్సిల్డ్ వస్తే మాత్రం టోకెన్ అవతలికి పోయింది, నువ్వు కంప్లీట్ చేయొద్దు. ఒకే స్టేటస్, రెండు చోట్ల రెండు అర్థాలు. కోడ్‌లో పక్కన వ్యాఖ్య రాసి పెట్టుకో.

అప్లికేషన్ రాసే పిల్లగానికి కూడా ఒక మాట చెప్పు. విస్టా నుంచి వచ్చిన క్యాన్సిల్‌ఐఓఈఎక్స్ వేరే థ్రెడ్ నుంచి కూడా పనిచేస్తది. పాత క్యాన్సిల్‌ఐఓ తనను పిలిచిన థ్రెడ్ పంపిన వాటినే ముట్టుకుంటది. కానీ క్యాన్సిల్ అనేది విన్నపం మాత్రమే. పిలిచిన వెంటనే ఓవర్‌ల్యాప్డ్ స్ట్రక్చర్‌ను (రిక్వెస్ట్ ఫలితం వచ్చి పడే చోటు), బఫర్‌ను ఫ్రీ చేయొద్దు, ఫలితం వచ్చేదాకా ఆగాలె. ఎర్రర్ 995 వస్తే క్యాన్సిల్ అయినట్టు. మంచి బరువుతో విజయవంతంగా కూడా రావచ్చు, అప్పుడు ఆ బరువును వాడుకోవాలె. క్యాన్సిల్‌ఐఓఈఎక్స్ నుంచే 1168 వస్తే క్యాన్సిల్ చేయడానికి ఏమీ దొరకలేదని, అది తప్పు కాదు.

టెస్టింగ్‌కు వేబ్రిడ్జి కాడికి పోవద్దు. ఇంట్లో కనీసం నాలుగు కోర్ల మిషన్ మీద డ్రైవర్ వెరిఫయర్‌లో (డ్రైవర్ తప్పులు పట్టే విండోస్ సాధనం) ఐఓ వెరిఫికేషన్ ఆన్ చెయ్యి. కార్డుకు బదులు ఒక టైమర్ పెట్టి యాదృచ్ఛిక ఎడంతో ఉత్తుత్తి బరువు వచ్చేటట్టు చెయ్యి. ఒక ప్రోగ్రాం వంద రిక్వెస్ట్‌లు పంపి, ఇంకో థ్రెడ్ నుంచి సున్నా నుంచి కొద్ది మిల్లీసెకన్ల లోపు ఎడంతో క్యాన్సిల్ చేస్తుండాలె. మూడో పక్క నుంచి ఆ ప్రోగ్రాంనే చంపి మళ్ల లేపే స్క్రిప్ట్ పెట్టు. రాత్రంతా తిరగనియ్యి. ఒకే కోర్ ఉన్న వర్చువల్ మిషన్‌లో నడిపి బాగుందని అనుకోకు, అక్కడ ఈ రేస్‌లు ఎక్కువగా దాక్కుంటయి. ప్రాసెస్ వేలాడితే విన్‌డీబీజీ అనే డీబగ్గర్‌లో బ్యాంగ్ ప్రాసెస్ (!process) ఆజ్ఞతో థ్రెడ్‌ను పట్టుకొని, దాని ఐఆర్‌పీ లిస్టు నుంచి బ్యాంగ్ ఐఆర్‌పీ (!irp) కొట్టు. ఏ డ్రైవర్ దగ్గర ఆగి ఉందో, క్యాన్సిల్ రొటీన్ ఉన్నదో లేదో అక్కడే కనబడుతది.

క్యూ మార్చినంక డీపీసీ, క్లీనప్ రెండు ఫంక్షన్లూ ఇక్కడ పెట్టు, చూస్తా. కాంటా కాడి మిషన్‌లో కర్నెల్ డంప్ (బ్లూ స్క్రీన్ పడ్డప్పటి మెమరీ నకలు) సేవ్ అయ్యేటట్టు సెట్టింగ్ పెట్టి రా. పాత డంప్‌లు ఉంటే చెరపకు, అందులో 48 పడ్డది ఒకటి నాకు చూడాలని ఉన్నది.